అడక్కుండా పెట్టిన బండి

కర్టెన్లు కుట్టే అక్క పొద్దున్నే గేటు తీసి, వాకిలి ఊడ్చి, కాఫీ తాగి మిషను ముందు కూర్చునేసరికి ఎవరో ఒకరు కారు తెచ్చి ఆ వాకిట్లో పెట్టేసి పోతారు. ఇల్లు రిజిస్ట్రేషన్ ఆఫీసుకి సరిగ్గా ఎదురుగా ఉండటం ఆవిడ చేసుకున్న పాపం. గేటు మూసుకోవచ్చుగా అంటారేమో. గుడ్డల తానులు తెచ్చే బండి రోజంతా వస్తూ పోతూ ఉంటుంది, ఎన్నిసార్లని తీసి మూస్తుంది పాపం!

అయినా అక్క ఎవరితోనూ గొడవ పడదు. ఆ సంగతి వాకిలే చూసుకుంటుంది. అడక్కుండా పెట్టిన బండిని అది పట్టుకుంటుంది. ఇక తలుపు తెరుచుకోదు, చక్రం కదలదు. ఆ బండిలో వచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటే అంతమందీ వచ్చి "పెట్టుకోవచ్చా?" అని అడిగితే వదిలేస్తుంది. వీధిలో అందరికీ తెలిసిందే. ఆఫీసు గుమస్తా అయితే ఆలస్యంగా వచ్చినవాళ్ళని "వాకిలి పట్టుకుందా?" అని అడిగి, ఇంకో మాట లేకుండా వరసలో నిలబెడతాడు.

ఆ రోజు మూడున్నరకి ఓ పాత కారు వచ్చింది. అన్నా చెల్లెలూ దిగారు. ఇద్దరూ బజారు మలుపులో తండ్రి పెట్టిన తాళాల కొట్టులో పని నేర్చుకున్నవాళ్ళు. తండ్రి పోయి ఏడాదైంది. ఆయన కూర్చునే స్టూలు మీద ఎవరు కూర్చోవాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, తాళాల కొట్టుకే తాళం పడింది. చెల్లెలికి ఇక ఆ పని మీద మనసు లేదని అన్న అనుకున్నాడు. అన్న ఎలాగోలా కొట్టు వదిలించుకోవాలని చూస్తున్నాడని చెల్లెలు అనుకుంది. నోరు తెరిచి అడిగే బుద్ధి ఒక్కరికీ లేకపోయింది. ఇవాళ అయిదులోపు సంతకాలు పడితే కొట్టు మందుల షాపాయనదైపోతుంది. కాగితాలు డిక్కీలో ఉన్నాయి. దిగి, తలుపులు వేసి, డిక్కీ తీయబోయేసరికి వాకిలి కాస్తా పట్టేసుకుంది.

అక్క కిటికీలోంచి సంగతి చెప్పింది. అన్న మర్యాదగానే అడిగాడు. డిక్కీ తెరుచుకోలేదు. ఇక మిగిలింది చెల్లెలు.

"పెట్టొద్దని గేటు దగ్గరే గాలికి చెప్పినట్టు చెప్పానక్కా. విన్నాడా? ఇప్పుడు నేనెందుకడగాలి?" అంది ఆమె. అన్నతో సూటిగా మాట్లాడి ఏడాదైంది మరి.

చెల్లెల్ని బతిమాలే రకం కాదు అన్న. తాళాలాయన కొడుకై ఉండి ఒక డిక్కీకి లొంగుతాడా! జేబులోంచి చిన్న తోలుసంచి తీసి, సన్నటి కడ్డీలు పరుచుకుని, కారు వెనక చతికిలబడ్డాడు. వాకిలి పట్టిన తాళాన్ని కడ్డీతో తీద్దామనుకున్నవాడు ఆ వీధిలో అతనొక్కడే. అక్క నవ్వు ఆపుకుని, చెల్లెలికి టీ ఇచ్చి మెట్ల మీద కూర్చోబెట్టింది.

టీ తాగుతూ చెల్లెలు ఆ సంచి వైపే చూసింది. అది నాన్నది. కొట్టు మూసి ఏడాదైనా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. కడ్డీలకి తుప్పు లేదు, నూనె రాసి ఉంది. వదిలించుకోవాలనుకునేవాడు నూనె ఎందుకు రాస్తాడు?

నాలుగున్నరకి అన్న చెమటలు కక్కుతున్నాడు. తాళం లోపల ఏదో టిక్కుమంది.

"ముందు మూడో పిన్ను నొక్కు. నాన్న దీనికే కదా ఎప్పుడూ తిట్టేవాడు నిన్ను" అంది చెల్లెలు, మెట్ల మీంచి లేవకుండానే.

అన్న చేతులు ఆగిపోయాయి. "ఆ టిక్కు నీకింకా వినపడుతోందా?"

"ఎందుకు వినపడదు? ఇంట్లో ఉన్న తాళాలన్నీ విప్పి బిగిస్తూ కూర్చుంటున్నా."

అతను పక్కకి జరిగాడు. ఆమె గ్లాసు కింద పెట్టి వచ్చి ఆ జాగాలో కూర్చుంది. అతను ఒక కడ్డీ పట్టుకున్నాడు, ఆమె ఇంకోటి తిప్పింది. చిన్నప్పట్నుంచీ వాళ్ళ పద్ధతి అదే. ఆ తాళం తెరుచుకోదని ఇద్దరికీ తెలుసు. అయినా మానలేదు.

అయిదుకి పది నిమిషాలుందనగా అక్క ఉండబట్టలేకపోయింది. "అమ్మాయ్, ఒక్క మాట అడిగేస్తే అయిపోతుంది కదా. అక్కడ మూసేస్తున్నారు."

"అడుగుతానక్కా. తొందరేముంది?" అంది చెల్లెలు.

అన్న ఆమె మొహంలోకి చూశాడు. అతనూ తొందరపెట్టలేదు.

అయిదయింది. ఆఫీసు షట్టరు గరగరమంటూ దిగింది. అప్పుడు చెల్లెలు లేచి, చేతులు తుడుచుకుని, కిటికీ దగ్గరికొచ్చి, "అక్కా, బండి కాసేపు ఇక్కడ పెట్టుకోవచ్చా?" అని ఎంతో వినయంగా అడిగింది. డిక్కీ దానంతటదే పైకి లేచింది. కాగితాలు కనపడుతూనే ఉన్నాయి, ఎవరూ తీయలేదు.

"మందుల షాపాయన రేపు రమ్మంటాడేమో" అన్నాడు అన్న నెమ్మదిగా.

"రేపు నాకు కుదరదు. కొట్టు తెరవాలి."

అన్నకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "మరి స్టూలు?"

"ఓ రోజు నువ్వు, ఓ రోజు నేను."

ఇదంతా వింటున్న అక్క, మాటలైపోతే లోపలికి రమ్మంది. బీరువా తాళంచెవి పోయి మూడేళ్ళయిందట, పెళ్ళినాటి చీరలన్నీ దాన్లోనే ఉండిపోయాయట.

వాకిలి కారుని వదిలేసి గంట దాటింది. అన్నాచెల్లెళ్ళు మాత్రం బీరువా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ముందు ఎవరు చెయ్యి పెట్టాలని వాదించుకుంటూనే ఉన్నారు.