అలవాటుపడిన నట్టలు

పదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. గొర్రెల కడుపులో పురుగులు, అదే నట్టలు, చావడానికి పట్టే మందు ఇప్పుడెందుకు పనిచేయడం లేదన్నది ప్రశ్న. ఇరవై నలుగురిలో ఇరవై ముగ్గురిదీ ఒకే పాట: నట్టలు మందుకు అలవాటుపడ్డాయి. బతకాలనుకుని మారిపోయాయట! నట్టలేమన్నా సభ పెట్టుకుని తీర్మానం చేశాయా?

మర్నాడు క్లాసులో దులిపేశాను.

"మీ ముత్తాతల కాలం నుంచి గొర్రెపిల్లల తోకలు కోస్తున్నారు కదా. ఒక్కటైనా తోక లేకుండా పుట్టిందట్రా?"

అందరూ నవ్వారు. ఒక్కడికీ బుర్రకెక్కలేదు. మేతకు గొర్రెలనీ, బడికి వీళ్లనీ తోలుతున్నారు, తేడా ఏమీ లేదు.

సరిగ్గా రాసింది గొర్రెల ఆసామి కూతురు బ్రాంటీ కియో ఒక్కతే. "మందుకు చావని నట్టలు ముందునుంచీ కొన్ని ఉన్నాయి. మిగతావి చచ్చాయి. ఏటా అదే మందు పట్టి, చావనివాటి సంతతినే మేం పెంచుతున్నాం." ఆ సాయంత్రం ఆమె నా బల్ల దగ్గరకొచ్చింది.

"సార్, నాన్న మళ్లీ అదే మందు రెండింతలు పడతానంటున్నాడు. వానలు బాగా పడి నట్టలు ఇంకా పెరిగాయి. మందు మార్చకపోతే గొర్రెపిల్లలన్నీ పోతాయి. నా మాట వినడు, మీరైనా చెప్పండి."

"నే చెప్తాగా" అన్నాను, హీరోలాగా.

వాళ్ల నాన్న క్లైవ్ మా బడి బోర్డు ఛైర్మన్. శనివారం ఫుట్‌బాల్ మైదానం దగ్గర, ఆట చూడ్డానికొచ్చినవాళ్లకి సాసేజీలు కాలుస్తూ కనిపించాడు. పక్కనే బ్రాంటీ ఉల్లిపాయలు వేయిస్తోంది.

"ఏం మాస్టారూ, నట్టల గురించి మా పిల్లకి ఏదో నూరిపోశారట? ముప్పై ఏళ్లుగా మేపుతున్నా. అలవాటుపడ్డాయి, అంతే. డోసు పెంచితే అవే చస్తాయి. కాదంటారా?" అన్నాడు అందరికీ వినబడేలా.

వచ్చే ఏడు నా ఉద్యోగం ఉంచాలో ఊడబీకాలో తేల్చేది ఆ బోర్డే.

"అదీ ఒక అభిప్రాయమేనండీ" అన్నాను. పిల్లల మీద కత్తిలా ఆడే నాలుక అక్కడ అంతకుమించి లేవలేదు. ఇచ్చిన సాసేజీ తీసుకుని బ్రాంటీ వైపు చూడకుండా వచ్చేశాను.

నెల తిరక్కుండా మూడొందల గొర్రెపిల్లలు చచ్చాయి. వాటిని పూడ్చడానికి తండ్రికి సాయంగా బ్రాంటీ వారం రోజులు బడి మానేసింది. తిరిగొచ్చిన రోజు, సిగ్గులేకుండా ఓదార్చబోయాను.

"ఏం చేస్తాం తల్లీ, మీ నాన్న మొండితనం..."

"నాన్నకి తెలీదు సార్" అంది బ్రాంటీ. "మీకు తెలుసు."