మొదటి గేరులో వెనక్కి

ఆదిభట్లలోని ఒక విమాన విడిభాగాల కంపెనీలో కరుణ వెల్డర్. కాగితమంత పల్చటి రేకును కూడా చిల్లు పడకుండా అతకగలదు. అలాంటి మనిషికి ఒక తుప్పు పట్టిన జీపును చూసి మతిపోయింది.

ఒక ఆదివారం ఇబ్రహీంపట్నం శివార్లలో బుగ్గయ్య తోటకు వెళ్లింది, విరిగిన గేటు అతకడానికి. పని ముగించి తలెత్తితే, కొట్టం పక్కన కంపచెట్ల మధ్య పాతకాలపు జీపు. గుండ్రటి రెండు దీపాలు ఆమెనే చూస్తున్నట్టున్నాయి. డ్రైవర్ సీట్లో ఒక కోడి గుడ్లు పొదుగుతోంది.

"మా బాపు నడిపిండు గిది. ఆయన పోయినంక ఇరవై రెండేండ్ల సంది కదల్లే," అన్నాడు బుగ్గయ్య. "గేటుకు ఏమియ్యాలె బిడ్డా?"

"గా జీపు ఇయ్యరాదే, కాకా!"

బుగ్గయ్య నవ్వాడు. కరుణ నవ్వలేదు. అతను నవ్వు ఆపి ఆమెను, జీపును మార్చి మార్చి చూశాడు.

"తీస్కపో. గని కోడి పిల్లల్ని జేసేదాక ఆగాలె."

కరుణ పదకొండు రోజులు ఆగింది. రోజూ డ్యూటీ దిగగానే ఫోన్ చేసి "పిల్లలైనయా?" అని అడిగేది. పక్కనున్నవాళ్లు ఏ ఆస్పత్రి కబురో అనుకునేవారు. పన్నెండో రోజు కోడి తొమ్మిది పిల్లలతో దిగిపోయింది. ట్రాక్టరుకు తాడు కట్టించుకుని జీపు కరుణ వాకిట్లోకి వచ్చింది.

అత్త పోశమ్మ చీపురు పట్టుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"గిదేందే?"

"జీపు, అత్తా."

"సగమే ఉన్నది గద. కడమ సగమేది?"

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. జీపు నేలంతా తుప్పు తినేసింది. లోపల నిలబడితే కాళ్ల కింద వాకిలి కనిపిస్తుంది. కరుణ భర్త ఐలేష్ చెరువులో చేపలు పడతాడు. అతనొక్కడే సంబరపడ్డాడు. "వలకు చిల్లు వడితే నేను కుడ్త. గీనికి నువ్వు కుట్టు," అన్నాడు.

కుట్టడం అంత తేలిక కాలేదు. కంపెనీలో మెరిసే కొత్త రేకుతో పని. ఇక్కడ నిప్పు తగలగానే పాత రేకు వెన్నలా కరిగి మాయమైపోయేది. పక్కింటి వీర్రాజు గోడ మీంచి అదంతా చూస్తూ ఉండేవాడు. ఆయన కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ లారీ మెకానిక్. మోకాళ్ల నొప్పులతో పని మానేశాడు గానీ నోటికి ఏ నొప్పీ లేదు.

"అలాక్కాదమ్మాయ్! మంచి ఇనుము తగిలేదాకా కోసెయ్యాలి. పుచ్చు వంకాయ కొయ్యవేంటి, అలాగ!"

కరుణ కోసింది. ఇంకా కోసింది. గ్రైండరు నిప్పురవ్వలు వాకిలంతా చిమ్ముతుంటే పోశమ్మ గుమ్మంలోంచి అరిచింది. "గిట్లనే కోస్తే ఆఖరికి స్టీరింగు ఒక్కటే మిగుల్తది!"

మూడో ఆదివారానికి వీర్రాజు ప్లాస్టిక్ కుర్చీతో సహా గోడకు ఇవతలికి వచ్చేశాడు. కూర్చున్నచోటే ఇంజను విప్పి, కడిగి, బిగించాడు. కరుణ కొత్త నేల అతికింది. తలుపు లేనిచోట పాదం పెట్టే మెట్టు అతికింది. నల్లద్దాల ముసుగులోంచి పాటలు పాడింది. ముసుగు లోపల తన గొంతు ఎవరికీ వినపడదని ఆమె నమ్మకం. వీధి చివరి దాకా వినపడేది.

నాలుగో నెలలో వెనక చక్రాల వంతు వచ్చింది. రెండు చక్రాల మధ్య, వాటిని తిప్పే పళ్లచక్రాలు లోపల ఉండే లావుపాటి ఇనుప గొట్టాన్ని హౌసింగ్ అంటారు. దాన్ని కుదుపులు ఆపే కమాన్ కట్టలకు పట్టి ఉంచే రెండు పలకలు పూర్తిగా పుచ్చిపోయాయి. వీర్రాజు ఆ వారం తన సొంతూళ్లో పెళ్లికి వెళ్లాడు. కరుణ ఒక్కతే పాత పలకలు కోసేసి, గొట్టం అద్దంలా మెరిసేదాకా రుద్ది, కొత్తవి అతికింది. అంత చక్కటి అతుకు ఆమె జీవితంలో వేయలేదు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి, ఒక్క చుక్క పక్కకు పోలేదు. ఫోటో తీసి కంపెనీలో అందరికీ పంపింది. తర్వాత హౌసింగ్ ఎక్కించి బిగించి, బండికి మామిడికాయ రంగు వేసింది.

బండి కదిలే రోజున వీధంతా వాకిట్లోనే ఉంది. పోశమ్మ పట్టుచీర కట్టుకుని, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఎవరూ పిలవకముందే వెనక బెంచీ ఎక్కి కూర్చుంది. కరుణ తాళం తిప్పింది. ఇంజను దగ్గింది, తుమ్మింది, ఉన్నట్టుండి గర్రుమని అందుకుంది. చప్పట్లు మోగాయి. కరుణ మొదటి గేరు వేసి క్లచ్చి వదిలింది.

జీపు వెనక్కి వెళ్లి నీళ్ల డ్రమ్మును గుద్దింది.

"గేరు తప్పు వడ్డది," అని గొణిగి, కరుణ మళ్లీ చూసి మొదటి గేరే వేసింది. మళ్లీ వెనక్కే. డ్రమ్ము దొర్లుకుంటూ పోయి తులసికోట దగ్గర ఆగింది. అనుమానం వచ్చి రివర్సు గేరు వేసింది. జీపు బుద్ధిగా ముందుకు నడిచింది.

వీర్రాజు మూలుగుతూ నేలకు వంగి బండి కిందికి చూశాడు.

"అమ్మాయ్, పలకలు పైన అతికించాలి తల్లీ. అడుగున అతికించేశావు. హౌసింగ్ తలకిందులైపోయి చక్రాలు ఎదురు తిరుగుతున్నాయి. ఇప్పుడీ బండికి వెనక్కెళ్లడానికి మూడు గేర్లు, ముందుకెళ్లడానికి ఒకటే!"

కరుణ చెవులు వేడెక్కాయి. కంపెనీలో ఆమె పనిని ముగ్గురు తనిఖీ చేస్తారు. ఇక్కడ ఫోటోలు తీసుకోవడమే సరిపోయింది. తల స్టీరింగుకు ఆనించుకుంది. ముందు ఏడుపే వస్తుందనుకుంది. కానీ వీర్రాజు లేవబోయి లేవలేక, నేల మీదే కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఐలేష్‌కు, అతని నుంచి వీధికంతటికీ అంటుకుంది. చివరికి కరుణ నవ్వి నవ్వి హారను మీద పడితే అది కూడా కూసింది.

"దిగు అత్తా. మళ్ల కోసి అతకాలె."

"నేను దిగ," అంది పోశమ్మ. "కొబ్బరికాయ కొట్టినంక బండి ఆగొద్దు. ఎటు పోతే ఏంది, పోనియ్యి!"

ముందుకు పోయే ఒక్క గేరులో వీధి మలుపు దాకా వెళ్లారు. నడిచేవాళ్లు దాటిపోతుంటే పోశమ్మకు నామోషీ అనిపించింది. మలుపులో కరుణ బండిని తిప్పి, మెడ వెనక్కి మళ్లించి, మొదటి గేరు వేసింది. జీపు తోక ముందుకు పెట్టుకుని చెరువుకట్ట వైపు బయలుదేరింది. ఐలేష్ ఎర్ర తువ్వాలు ఊపుతూ ముందు పరుగెత్తాడు.

"కుడికి తిప్పు!" అని అరిచింది పోశమ్మ.

"ఎవరి కుడి, అత్తా?"

"నా కుడే! ఇప్పుడు ముందర కూసున్నది నేనే గద!"

బర్రెలు దారి ఇచ్చాయి. కట్ట మొదట్లో చేపలమ్మే ఆడవాళ్లు తక్కెళ్లు వదిలి నిలబడ్డారు. ఎదురుగా బుగ్గయ్య మోటారుసైకిలు మీద సొరకాయలు వేసుకుని వస్తూ బ్రేకు వేశాడు.

"ఎనకకు పోతున్నరేంది?"

"మేం ముందుకే పోతున్నం. నువ్వే అడ్డమొచ్చినవ్," అంది పోశమ్మ.

బుగ్గయ్య దిగి, అటు చివరికి నడిచి జీపు బానెట్ మీద చేయి వేశాడు. వేడిగా, వణుకుతూ ఉంది. "మా బాపు బండి!" అన్నాడు, కళ్లు తుడుచుకుని, నవ్వుతూ. తన బండిని సొరకాయలతో సహా రోడ్డు పక్కనే వదిలి జీపెక్కాడు.

ఆ తర్వాతి రెండు ఆదివారాలు కరుణ తన చేతులతోనే ఆ అందమైన అతుకు కోసేసింది. ప్రాణం ఉసూరుమంది. ఈసారి వీర్రాజు గొట్టం మీద సుద్దతో 'పైకి' అని రాసి, బాణం గీసి, కుర్చీ పక్కనే వేసుకుని కాపలా కూర్చున్నాడు.

బండి కాగితాలన్నీ సరిచేయించాక కరుణ, ఐలేష్, పోశమ్మ, వీర్రాజు నలుగురూ సాగర్ రోడ్డెక్కారు. మొదటి గేరు ముందుకే పోయింది. రెండోదీ అంతే. మూడో గేరు పడగానే వీర్రాజు మోకాళ్లు మర్చిపోయి లేచి నిలబడి "అబ్బో! అబ్బో!" అని కేకలు పెట్టాడు. అప్పుడే వాన మొదలైంది. బండికి పైకప్పు ఇంకా వేయలేదు.

"ఎనకకు తిప్పాల్నా?" అని అరిచింది కరుణ, వాన చప్పుడులో.

ముగ్గురూ ఒక్కసారే "వద్దు!" అన్నారు.