రెక్కలున్నవన్నీ ఉసిళ్ళేనా

నాకు కోపం ముందు, ఆలోచన వెనక. ఊరంతా ఆ మాటే అంటారు, నేనూ కాదనను.

మా అక్క మొగుడు జక్రయ్య బావ వడ్రంగి. పెరట్లో నేను పెంచిన వేపచెట్టు కొట్టించి, ఆ చేవతోనే మా ఇంటికి తలుపూ ద్వారబంధమూ చెయ్యమని ఆయనకిచ్చాను. చేవ ఉన్న వేపకు చెద పట్టదని మా నమ్మకం. పత్తి గింజలు పెట్టే రోజుల్లో ఓ వాన వెలిసిన తెల్లారి, ఆ ద్వారబంధం పక్కనుంచి రెక్కల పురుగులు బిలబిలా వచ్చాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదలే కదా! నా వేప అమ్ముకుని ఏదో పనికిమాలిన చెక్క బిగించాడన్నమాట.

"ఏం బావా, నా చెట్టేమైంది?" అని వీధిలోనే నిలదీశాను.

"నీ గుమ్మానికే ఉంది. అవి చీమలు జయా, సరిగ్గా చూడు," అన్నాడు నెమ్మదిగా.

అంత నెమ్మదేమిటి? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారు. ఈయన తడుముకోలేదు. మరీ ఆరితేరాడు అనుకున్నాను.

తిన్నగా పాస్టరు ఏసోబు గారి దగ్గరకు వెళ్ళాను. మా సంఘంలో ఎవరి మీదైనా దొంగతనం మాట వస్తే, అది తేలేదాకా బల్ల ఆపుతారు. నెలకోసారి ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం వాళ్ళకివ్వరు. ఆ ఆదివారం పళ్ళెం బావను దాటి వెళ్ళింది. నలభై ఏళ్ళలో ఒక్క బల్లా తప్పనివాడు తల దించుకున్నాడు. నేను మాత్రం తృప్తిగా తీసుకున్నాను.

గురువారం పొద్దున మళ్ళీ అవే పురుగులు. కాగితంలో పొట్లం కడుతుంటే పక్కింటి ఖుర్షిదా వచ్చింది.

"ఏందవి?"

"ఉసిళ్ళు. మా బావ దొంగతనానికి సాక్ష్యం."

ఒకదాన్ని అరచేతిలో వేసుకుని చూసింది. "నీ మొహం మండా! చిన్నప్పుడు ఉసిళ్ళని దీపం కింద పట్టి, వేయించుకుని తిన్నాం గదే! ఉసిళ్ళకి నాలుగు రెక్కలూ ఒకటే పొడుగు. వీటికి ముందువి పెద్దయి, వెనకవి పొట్టియి. నడుం చూడు, దారమంత. ఉసిళ్ళకి నడుమెక్కడిది? మీసాలు కూడా మోచెయ్యిలాగా వంగినయ్. చీమలే తల్లీ."

మేకు తెచ్చి ద్వారబంధాన్ని పొడిచాను. చెద తిన్నదైతే దిగిపోవాలి; గట్టి చేవ, దిగలేదు. గోడకూ చెక్కకూ మధ్య సిమెంటు రాలిన సందులో ఉంది చీమల పుట్ట.

పొట్లం పట్టుకుని బావ ఇంటికి పరిగెత్తాను. "చీమలే బావా! ఇదిగో, నడుం చూడు, మీసాలు చూడు. నాదే తప్పు. సంఘం ముందు నిలబడి చెప్తా."

ఆయన పొట్లం విప్పలేదు.

"పురుగుకి నడుమూ మీసాలూ చూశావు. నన్ను ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నావు గదా జయా, నాలో ఏం చూశావు?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆదివారం సంఘం ముందు ఏడుస్తూ అంతా చెప్పాను.

మళ్ళీ బల్ల రోజు వచ్చింది. ఏసోబు గారు పళ్ళెం పట్టుకుని బావ పేరు పిలిచారు. ఆయన రాలేదు. ఇప్పుడు వినుకొండ చర్చికి పోతున్నాడని అక్క చెప్పింది, నా వైపు చూడకుండా.