నీలం సంతకం

నేను మందుల కోల్డ్ స్టోరేజీ ఇన్‌ఛార్జిని. సరిహద్దు దాటే ప్రతి లారీ కాగితం మీదా నా సంతకం ఉండాలి. ఆ రోజూ పెట్టాను, కావాలనే నీలం పెన్నుతో.

రెండేళ్ల కిందట ఇదే విషజ్వరం మా వైపు ఇళ్లకు ఇళ్లనే ఊడ్చేసింది. పక్క దేశం మందు పంపింది. వాళ్ల చెక్‌పోస్టు అధికారి మాత్రం లారీ ఆపేశాడు. మందు కావాలని అడిగిన కాగితం మీద నేను నీలం సిరాతో సంతకం పెట్టానట, నల్లసిరా అయితేనే చెల్లుతుందట. "క్షమించండి సార్, పొరపాటైంది సార్" అంటూ కొత్త కాగితం పంపాను. అది ఆయన బల్ల దాటేసరికి మూడు రోజులు పట్టింది. ఐసు కరిగిపోయి మందంతా పారబోశారు. జ్వరం వార్డులో నర్సుగా ఉన్న మా అక్క అదే జ్వరంతో నాలుగో రోజున పోయింది.

ఇంట్లో నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. అక్క కూతురు మాత్రం ఒకసారి అడిగింది. "పిన్నీ, నువ్వు నల్ల పెన్ను ఎందుకు తీసుకోలేదు?"

ఆ చెక్‌పోస్టు అధికారికి నేను నల్లసిరా అని పేరు పెట్టుకున్నాను. రెండేళ్లుగా కడుపులో మంట ఆరలేదు. ఇప్పుడు జ్వరం వాళ్ల వైపు తిరిగింది, మందు పంపే వంతు మాకొచ్చింది.

మధ్యాహ్నం లారీ డ్రైవరు ఫోన్ చేశాడు.

"గేటు దగ్గర ఆపేశారమ్మా. సంతకం రంగు కుదర్లేదంట. ఐసు సాయంత్రం దాకా ఆగుద్ది, అంతే."

"తెలుసు బాబాయ్. బండి నీడలో పెట్టుకో."

వెంటనే నల్లసిరా ఫోన్. "మేడమ్, దయచేసి నల్ల పెన్నుతో ఇంకో కాగితం పంపండి. ఇక్కడ మంచాలు చాలక జనం నేల మీద పడుకున్నారు."

"సంతకం పెట్టిన అసలు కాగితమే కావాలిగా, ఇప్పుడు పంపితే రేపటికి వస్తుంది. రూలు మీదేగా? రెండేళ్ల కిందట నాకు మీరే నేర్పారు."

"ఎప్పుడు మేడమ్? నాకు గుర్తు లేదే."

గుర్తు లేదట! నా ఒళ్లు భగ్గున మండింది. ఆ నేల మీద ఎవరి అక్కో పడుకుని ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. అయినా మెత్తబడలేదు.

"నీలం సంతకం చెల్లుతుందని మీ లెటర్‌హెడ్ మీద రాసి నాకు మెయిల్ చేయండి. గేటు మీ చేత్తో మీరే తెరవండి."

నల్లసిరా నీళ్లు నమిలాడు. "పైవాళ్లను అడగాలండీ."

"అడగండి. ఐసు మాత్రం ఎవరినీ అడగదు."

ఫోన్ పెట్టేసి గడియారం చూస్తూ కూర్చున్నాను. ఉత్తరం వచ్చింది. ఆ వెనకే గేటు తీశారని డ్రైవరు బాబాయ్ ఫోన్. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు మరి. ఆ ఉత్తరం ప్రింటు తీసుకుని ఇంటికి దాదాపు పరిగెత్తాను.

అక్క కూతురి చేతిలో పెట్టాను. "చూడవే. నీలం చెల్లుతుందని వాడే రాశాడు. తప్పు నాది కాదు."

అది రెండుసార్లు చదివింది. "రాయడానికి ఎంతసేపు పట్టింది పిన్నీ?"

"పదకొండు నిమిషాలు."

కాగితం మడిచి నా చేతికిచ్చింది. "మరి అప్పుడెందుకు ఇలా అడగలేదు?"

అప్పుడు నేను సార్, సార్ అంటూ క్షమాపణ చెప్పుకుంటున్నాను.