బయటి గడియ

పొద్దున్నే ఆరింటికి బాయిలర్ వెలిగించడంతో ఆ లాండ్రీలో రోజు మొదలయ్యేది. ఆస్పత్రి దుప్పట్లు మూటలు మూటలుగా వచ్చి పడేవి. రక్తం మరకలున్నవి ఒక పక్క, మామూలువి ఇంకో పక్క. మరకలున్నవి చన్నీళ్ళలోనే నానాలి, వేణ్ణీళ్ళు తగిలాయంటే ఆ మరక ఇక చచ్చినా పోదు. ఈ సంగతి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్పేది పాస్టరుగారి అక్క. అక్కడ పనిచేసే ఆరుగురూ జైలు నుంచి వచ్చినవాళ్ళే. చర్చి వెనక రెండు గదుల్లో పడక, లాండ్రీలో పని, ఆదివారం ప్రార్థన. తాగొచ్చాడో, వాడి పని అయిపోయినట్టే. తమ్ముడి జాలి ఆవిడ దగ్గర చెల్లదు.

పెరట్లో గోడ పొడుగునా ఇనప తలుపులు ఆనించి ఉండేవి. మనిషి జైలు నుంచి విడుదలైతే మూడో రోజో నాలుగో రోజో అతని గది తలుపు కూడా వెనకాలే వచ్చేస్తుంది కదా, అవే ఇవి. అది రోడ్డు దాటుతుంటే ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి బళ్ళు ఆపేవాడు, అంతే. మనిషి బయట కుదురుకునే కొద్దీ తలుపుకి తుప్పు పడుతుంది, పెచ్చులు రాలతాయి, చివరికి పాతసామాన్లవాడు పట్టుకుపోతాడు. ఈలోపు అక్క వాటిమీద దుప్పట్లు ఆరేసుకునేది. కొన్ని తలుపులు మాత్రం తుప్పు పట్టవు. అలాంటివాళ్ళు ఒకరోజు తలుపుతో సహా కనబడకుండా పోతారు. జైల్లో వాకబు చేస్తే అక్కడే ఉంటారు. పోయినేడాది ఇద్దరు అలాగే పోయారు.

ఆమధ్య విడుదలై వచ్చిన వెల్డర్ తలుపు నాలుగో రోజు వచ్చింది. అది అతని చేత్తో అతను చేసుకున్నదే. శిక్షలో మూడో ఏడు జైలుకి కొత్త తలుపులు కావలసొస్తే, చేతిలో పనున్నవాడు కదా అని అతనికే అప్పజెప్పారు. అతికితే ఊడకూడదనే రకం మనిషి. భోజనం పళ్ళెం లోపలికి తోసే కంత, దానిమీద పైకెత్తే రేకు, బయటి వైపు బొటనవేలంత లావు గడియ. లోపలి వైపు చెయ్యి వేసి పట్టుకోడానికి ఏమీ లేదు, ఉండకూడదు కూడా. అక్క దాన్ని గోరుతో గీకి చూసి, ఇది ఇప్పట్లో తుప్పు పట్టేది కాదని గొణుక్కుంది.

అతను చంపింది తనతోపాటు ఒకే షెడ్డులో పనిచేసినవాణ్ణి. తాగి ఉన్నారు. మాటామాటా పెరిగింది, చేతికి ఇనప కమ్మీ దొరికింది. ఏ మాట మీద పెరిగిందో ఇప్పుడు చెప్పమంటే అతనికే గుర్తు లేదు. దానికంటే ఘోరం ఇంకేముంటుంది?

పాస్టరు ప్రతి గురువారం జైలుకెళ్ళి అతని గది కంత ముందు గొంతుక్కూర్చుని బైబిల్ చదివేవాడు. మొదటి రెండేళ్ళూ అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆయన ఇనుముకే చదివి వినిపించి లేచొచ్చేవాడు. మూడో ఏడు ఒక గురువారం లోపలి నుంచి, ఇందాకటిది మళ్ళీ చదవండి అని వినబడింది. అలా పన్నెండేళ్ళు గడిచాక, ఇంకా నాలుగేళ్ళ శిక్ష మిగిలుండగానే, షరతు మీద విడుదల చేశారు. ప్రతి సోమవారం సాయంత్రం అయిదులోపు ఆఫీసుకెళ్ళి సంతకం పెట్టాలి. మూడుసార్లు తప్పితే మిగతా నాలుగేళ్ళూ మళ్ళీ లోపలే.

ఇదేం పెద్ద పని అనుకుంటాం మనం. కానీ పన్నెండేళ్ళు ఏ తలుపూ తన చేత్తో తెరవని మనిషి అతను. ఎవరో తీస్తే వెళ్ళడం, ఎవరో వేస్తే ఉండడం. ఇక్కడికొచ్చాక స్నానాల గది ముందు తువ్వాలు భుజాన వేసుకుని అలా నిలబడిపోయేవాడు. అక్క వారంపాటు ఇంట్లో తలుపులన్నిటి దగ్గరా సాధన చేయించింది. "అది తలుపు నాయనా, దేవుడు కాదు. తొయ్యి" అనేది. ఇంటి తలుపులు ఎలాగో అలవాటయ్యాయి.

మొదటి సోమవారం పాస్టరే వెంటబెట్టుకెళ్ళాడు. సంతకం అయింది. అయితే అక్కడి ఆఫీసరు, ఇతనేమన్నా పెళ్ళికొడుకా తోడు పెట్టుకుని రావడానికి, ఇకనుంచి ఒక్కడే రావాలి అన్నాడు. రూలు పుస్తకం తీసి చూపించాడు కూడా. రెండో సోమవారం వెల్డర్ ఒక్కడే వెళ్ళాడు. ఆ ఆఫీసుకి గాజు తలుపు, దానికో స్ప్రింగు. జనం తోసుకుని వెళ్తుంటారు, అది వెనకాలే మూసుకుంటూ ఉంటుంది. పేరు పిలిస్తే తప్ప కదలకూడదన్నది అతని ఒంట్లో జీర్ణించుకుపోయింది. పదకొండింటి నుంచి అయిదింటి దాకా నిలబడ్డాడు. దారినపోయేవాళ్ళు ఎవరికోసమో చూస్తున్నాడనుకున్నారు. మూడో సోమవారమూ అదే తంతు. ఏమైందని పాస్టరు అడిగితే తలవంచుకుని, "ఎవరూ తియ్యలేదండీ" అన్నాడు.

ఇక మిగిలింది ఒక్క తప్పు.

ఆ ఆఫీసుకి ఎదురుగా, రోడ్డవతల, ఒక సిమెంటు బల్ల ఉంది. ఆ రెండు సోమవారాలూ దానిమీద ఒకావిడ కూర్చునే ఉంది. దర్జీ పని చేస్తుంది. చచ్చిపోయినవాడికి తల్లి. ఒక్కడే కొడుకు. హంతకుణ్ణి వదిలేశారని తెలిసి, మళ్ళీ లోపల వెయ్యమని అర్జీ రాసి తెచ్చింది. అర్జీ ఎందుకమ్మా, మూడుసార్లు తప్పితే వాడే పోతాడు అన్నాడు ఆ ఆఫీసు గుమాస్తా. బయటికొచ్చి కూర్చుని చూస్తే పది నిమిషాల్లో ఆవిడకి విషయం అర్థమైపోయింది. అవతల నిలబడ్డవాడు తలుపు తియ్యలేడు. ఆవిడ చెయ్యాల్సింది ఏమీ లేదు, ఊరికే కూర్చోవడమే. కూర్చుంది. సంతోషమేం కలగలేదు, కానీ లేవబుద్ధీ కాలేదు.

సంగతి తెలిసి పాస్టరు ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ మెషిన్ ఆపకుండానే విన్నది. పశ్చాత్తాపం గురించి ఆయన చెప్పిందంతా విని, చివర్న ఒకే మాట అడిగింది.

"వాడి దగ్గరికి పన్నెండేళ్ళు వారం తప్పకుండా వెళ్ళారు కదా. నా గుమ్మం ఎన్నిసార్లు తొక్కారు?"

ఇదే మొదటిసారి. ఆయన ఆ మాటే చెప్పి, తలదించుకుని వచ్చేశాడు.

నాలుగో సోమవారం వెల్డర్ ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. గేటు దాటాడో లేదో, పెరట్లో తలుపు కూడా కదిలింది. వచ్చిన రోజు నుంచీ గోడ వదలనిది, ఇవాళ కుక్కపిల్లలా వెనకాలే నడుస్తోంది. పోయినేడు వెళ్ళిపోయిన ఇద్దరి తలుపులూ ఇలాగే కదిలాయని అక్కకి గుర్తొచ్చింది. దానిమీద ఆరేసిన దుప్పట్లు లాగేసి, తీసుకుపోకే, వాణ్ణి వదిలెయ్యవే అని బతిమాలింది. ఇనుముకేం వినబడుతుంది? ఆవిడ తడి దుప్పట్లు ఒళ్ళో పెట్టుకుని మెట్లమీద కూలబడి ఏడ్చింది.

ఆఫీసు దగ్గర వెల్డర్ తన చోట తను నిలబడ్డాడు. తలుపు మాత్రం అతని వెనక ఆగలేదు. బళ్ళు ఆగేదాకా ఓపిగ్గా చూసి, రోడ్డు దాటి, సరిగ్గా సిమెంటు బల్ల ముందుకొచ్చి నిలబడింది.

దర్జీ ఆవిడకి అతను కనబడకుండా పోయాడు. అడ్డం తప్పుకోమని చేత్తో తోసింది. జరగలేదు. పక్కకి జరిగి కూర్చుంటే అదీ జరిగింది. విసుక్కుంది, తిట్టింది, మూడైంది, నాలుగైంది. అవతల వాడు నిలబడే ఉన్నాడో లేదో అనే ఆరాటం ఎక్కువైపోయింది. చివరికి కంతలోంచైనా చూద్దామని రేకు పైకెత్తింది.

లోపల ఆఫీసు లేదు, రోడ్డు లేదు. తన గదే ఉంది. కిటికీ కింద మెషిన్. దానిమీద కాలరు సగం కుట్టి వదిలేసిన నీలం చొక్కా, సూది ఇంకా గుడ్డలోనే. కొడుకు పోయిన రోజు నుంచి దాన్ని ఆవిడ తియ్యనూ లేదు, కుట్టనూ లేదు. పక్కవాళ్ళ బట్టలు కుట్టడానికి రెండో మెషిన్ కొనుక్కుంది గానీ. నీలం చొక్కా ముందు ఎవరో ముసలామె ఇటు వీపు పెట్టి కూర్చునుంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఎవరీవిడ అని ఒక్క క్షణం అనుకుంది. ఆ జాకెట్టు తను కుట్టుకున్నదే.

రేకు దించేసింది. కళ్ళ ముందు గడియ ఉంది, బొటనవేలంత లావు, బయటి వైపు. తను ఉన్నది బయటి వైపే. రెండు చేతులా పట్టుకుని లాగితే, మంచి పనివాడు చేసింది కదా, చప్పుడు లేకుండా జారింది.

ఆవిడ లేచి రోడ్డు దాటింది. అయిదుకి పది నిమిషాలుంది. వెల్డర్ ఆవిణ్ణి చూసి, కోర్టులో చూసిన ముఖమే గనక గుర్తుపట్టి, నేల చూపులు చూశాడు. ఆవిడ అతన్ని దాటి వెళ్ళి గాజు తలుపుని భుజంతో తోసి, అలాగే పట్టుకుని నిలబడింది.

"వెళ్ళు. సంతకం పెట్టు."

"అమ్మా..." అన్నాడు.

"నన్నలా పిలవకు. నిన్ను నేను క్షమించలేదు." ఊపిరి తీసుకుంది. "వచ్చే సోమవారం నేను రాను. నువ్వే తోసుకో."

అతను లోపలికి వెళ్ళాడు. ఆఫీసరు గడియారం చూసి, మూతి ముడుచుకుని, రిజిస్టరు ఇటు తిప్పాడు.

ఆ గురువారం పాస్టరు జైలుకి గంట ఆలస్యంగా వెళ్ళాడు. ముందు దర్జీ ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ రమ్మనలేదు, పొమ్మనలేదు. నీలం చొక్కా కాలరు కుడుతోంది. దారం తెంపేదాకా ఆయన అక్కడే ఉన్నాడు.

తర్వాతి సోమవారం బల్ల ఖాళీగా ఉంది. ఇనప తలుపు అక్కడే బల్లకి చేరబడి ఉంది, గడియ తీసింది తీసినట్టే. కీలు దగ్గర కాస్త ఎర్రగా కనిపించింది. వెల్డర్ పదకొండింటికి వచ్చి నిలబడ్డాడు. ఒంటిగంట దాకా మాటిమాటికీ వెనక్కి తిరిగి బల్లకేసి చూశాడు. ఎవరూ రాలేదు. నాలుగున్నరకి అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని గాజు మీద పెట్టాడు, వేడిగా ఉంటుందేమో అన్నట్టు.

తలుపు బరువుగా ఏమీ లేదు.