నీలం పట్టిన మొగుడు

రవణమ్మ చారుగిన్నె పట్టుకుని వంటింట్లోంచి వచ్చేసరికి హాలు మూడు మైళ్లు సాగి ఉంది. ఆ చివర భోజనాల బల్ల, దాని ముందు మొగుడు భూషణరావు.

ఆవిడ ఆశ్చర్యపోదు. ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్పే మనిషి. ఆ ఇల్లు ఆయన మాటే వింటుంది.

"మధ్యలో ఇంత గాలుంటే మనిషి నీలంగా కనబడతాడే," అని అక్కణ్ణుంచే పాఠం మొదలెడతాడు. "ఆ నీలం నాది కాదు, గాలిది. కిటికీలో ఆ కొండ చూడు, దానికీ అంతే. నీ బుర్రకెక్కదులే."

ఎందుకెక్కదూ? నిజంగానే ఆయన నీలంగా ఉన్నాడు. ముక్కుమీది పులిపిరి లేదు, మొహంలో చిరాకు లేదు. దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా? ఇంత అందగాడికి తనను కట్టబెట్టారని ఆవిడకి ఇప్పుడే తెలుస్తోంది. కాపురం మాత్రం వేరేవాడితో చేసింది.

ఆవిడకి కావలసింది ఒక్కటే మాట, "తిన్నావా?" అని. పెళ్లైన నాటినుంచీ అది ఆయన నోట రాలేదు. పాలవాణ్ణి అడుగుతాడు, వీధికుక్కని అడుగుతాడు, మహానుభావుడు.

"నన్నో మాట అడగండి," అని కేకేస్తుంది.

కేక వెళ్తూ ఉండగానే హాలు ఇంకా సాగుతుంది. భూమి గుండ్రం కాబట్టి ముందు ఆయన పాదాలు నేల అంచు కింద మునుగుతాయి, తర్వాత బొజ్జ. బొజ్జకి చాలాసేపు పడుతుంది. చివరికి కళ్లజోడూ దిగిపోతుంది. అయినా ఆయన కనబడుతూనే ఉన్నాడు. గాలి వెలుతురుని వంచి, అక్కడ లేని మనిషిని పైకెత్తి చూపిస్తోంది. ఆయన గొప్పంతా ఎప్పుడూ ఎవరో ఒకరు ఎత్తిపట్టుకుంటే నిలిచిందే.

అప్పుడు ఆయన జవాబు వచ్చి చేరుతుంది.

"చారులో ఉప్పు తక్కువైంది."

గిన్నె ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

రవణమ్మ వెనక్కి తిరుగుతుంది. వంటింటి గుమ్మంలో కిటికీలోని కొండ వచ్చి కూర్చుని ఉంది. దగ్గర్నుంచి చూస్తే ఒట్టి గరుకు. ఒళ్లంతా ముళ్లూ మేకలూ.

"తిన్నావేటమ్మా?" అంటుంది కొండ.

రవణమ్మకి ఏడుపొస్తుంది. "లేదు," అని రెండు విస్తళ్లు వేస్తుంది. కొండ చారు జుర్రుకుని, ఉప్పు సరిపోయిందంటుంది. మేకలు విస్తరి అంచులు కొరుకుతున్నాయి.

హాలు చివర, ఎండమావిలో, భూషణరావు తలకిందులుగా వేలాడుతున్నాడు. ఎంతో నునుపుగా ఉన్నాడు. చారుకోసం చాపిన చేతిలోంచి నీలం మెతుకులు ఒక్కొక్కటే పైకి రాలిపోతున్నాయి.