లోవరాజు చెప్పిన పేరు

అవే పాదాలు, చెప్పులు లేకపోయినా అవే, ఎడమకాలి బొటనవేలి గోరు సగం నల్లబడి చచ్చి ఉంటుంది, మడమ పక్కన కురుపు మానిన మచ్చ చింతగింజంత, రెండు రోజులపాటు లోవరాజుకి ఈ లోకంలో కనపడ్డవి అవి మాత్రమే, ఎలా మర్చిపోతాడు, అప్పుడు వాటికి కిర్రుచెప్పులుండేవి, ఇప్పుడు మామిడికుదురు కొబ్బరితోటలో వేసిన దొర డేరాలో చాప మీద వట్టిగా నిలబడ్డాయి, ఓహో, ఠాణాకి పెద్దయిన అమీను మాణిక్యాలరావు గారి చేత కూడా చెప్పులు విప్పించేవాడు ఒకడున్నాడన్నమాట, ఆ ముక్క ఆ రెండు రోజుల్లో ఎవరైనా తన చెవిన వేసి ఉంటే ఎంత బావుండును, ఎంత కుదురుగా ఉన్నాయో చూడు, పెళ్లిపీట మీద పెళ్లికొడుకు పాదాల్లా, చెమట చుక్క లేదు, తను మాత్రం ఆ నల్లగోరు మీంచి చూపు తిప్పడం లేదు, భయం కాదు, భయం ఎప్పుడో చచ్చింది, కోపం ఇది, నిన్ను బాధించినవాడెవడు, నిర్భయముగా చెప్పుము అంటున్నాడు దొర, ఏ పంతులు నేర్పేడో గాని పురాణం చదివినట్టుంది ఆయన తెలుగు, బల్ల వెనకాల కుర్చీలో కూర్చుని ముక్కు మీద వాలిన ఈగని తోలుకుంటున్నాడు, ఠాణాల్లో జనాన్ని హింసలు పెడుతున్నారని చెన్నపట్నం దాకా అర్జీలు వెళ్లేయట, విచారించమని పంపేరట, విచారిస్తున్నాడు, విచారణ అంటే ఇదీ, అమీనుని కుడిచేతి పక్కన నిలబెట్టుకోవడం, బంట్రోతు తాతబ్బాయిని చేతులు కట్టి ఎదురుగా నిలబెట్టడం, వీడేనా అని అడగడం.

మొహం చూసి చెప్పమంటే ఎలా, రేవు మనిషి మొహాలు చూస్తాడా, పడవ వెనక చుక్కాని దగ్గర కూర్చున్నవాడు ఎక్కే మనిషి పాదం చూస్తాడు, ఏ కాలు ముందు పెట్టేడు, బరువు ఎటు వేసేడు, దాన్ని బట్టి పడవ సర్దుకుంటాడు, తాత అలాగే చేసేడు, నాన్న అలాగే చేసేడు, అప్పనపల్లి రేవులో పాదం చూసి ఏ పని చేసే మనిషో చెప్పగలడు లోవరాజు, నాన్న ఇంకోటి కూడా నేర్పేడు, పడవలో ఏం పోయినా సరే, మూట పోనీ, మేకపిల్ల నీళ్లలో పడిపోనీ, చుక్కాని పట్టినవాడు ముందు లేచి తప్పు నాదండీ అనాలిరా, ఎందుకు నాన్నా మనం తియ్యలేదుగా, ఒరే పిచ్చోడా, ఆ మాట నువ్వు అనకపోతే నువ్వు తీసేవంటే నువ్వు తీసేవని జనం పడవలోనే లేచి కొట్టుకుంటారు, వైనతేయ నది మధ్యలో పడవ తిరగబడుద్ది, తప్పు నీ మీద వేసుకుంటే అందరూ కుదురుగా కూర్చుంటారు, ఒడ్డు చేరేక వెతుక్కోవచ్చు, రేవులో పుట్టిన ప్రతివాడికీ తెలిసిందే ఇది, ఎక్కే జనానికీ తెలుసు, ఒక్క అమీనుకే తెలియదు, తెలియదా, తెలిసే రాయించేడా, వైశాఖంలో రాజోలు షావుకారు వెండిపెట్టె కనపడటం లేదని నది మధ్యలో గోల పెడితే లోవరాజు లేచి చేతులు జోడించి తప్పు నాదండీ అన్నాడు, ఆ పూట సాయంత్రానికి ఆ మాట ఠాణాకి చేరిపోయింది, గుమాస్తా ఆదినారాయణ దాన్ని నేరం ఒప్పుకున్నాడని కాగితం మీద రాసేడు, ఒప్పుకున్నవాడు దాచిన చోటు చెప్పాలి కదా మరి, చెప్పు.

చెప్పు చెప్పు చెప్పు, మెడకి తాడు వేసి ఆ తాడు కొసని కాలి బొటనవేళ్లకి కట్టేరు, తల వంగి మోకాళ్ల దగ్గరికి వచ్చేసింది, నడి ఎండలో, వీపు మీద రాయి, ఇంకోటి పెట్టరా తాతబ్బాయి అంటాడు అమీను, ఆయ్ అంటాడు తాతబ్బాయి, పెడతాడు, వాడి పాదాలు పగుళ్లు, పగుళ్లలో మట్టి, ముందు అవి వస్తాయి, తరవాత రాయి పడుతుంది, తరవాత అవి వెళ్లిపోతాయి, కిర్రుచెప్పులు మాత్రం కదలవు, ఓసారి తాంబూలం నములుతూ కిందకి ఊసేడు అమీను, తన ముక్కుకి జానెడు దూరంలో ఎర్రగా పడింది, ఏరా లోవరాజూ, నేల మీద నీ పెట్టె ఏమన్నా కనపడుతోందా అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేరు, ఆ నవ్విన పాదాల్లో ముందురోజు తన పడవ దిగినవి కూడా ఉన్నాయి, నవ్వేరు, దాహం అంటే పేరు చెప్పు నీళ్లిస్తాం అన్నారు, ఎవరికిచ్చేవు, ఎవరి దగ్గర దాచేవు, ఒక్క పేరు, లేని పెట్టెకి పేరు ఎక్కణ్ణుంచి వస్తుంది, అది అసలు పడవ ఎక్కనేలేదు, పన్నెండు రోజుల తరవాత నగరం అనే ఊళ్లో ఓ బండివాడి పాకలో గడ్డి కింద దొరికింది, షావుకారు మనిషే బండిలోంచి దింపడం మర్చిపోయేడట, అయ్యో అన్నాడట షావుకారు, అయ్యో, ఆ అయ్యోని ఏం చేసుకోవాలి, ఉప్పులో ఊరేసుకోవాలా.

పన్నెండు రోజులు, ఆ పన్నెండు రోజుల్లో జరగవలసింది జరిగిపోయింది, రెండోరోజు మధ్యాహ్నం తన నోట్లోంచి ఒక పేరు వచ్చింది, సత్తిబాబు, చెల్లెలు బుజ్జమ్మ మొగుడు, వలలు అల్లుకుని బతికేవాడు, ఎందుకు ఆ పేరే వచ్చిందో, రోజుకి పదిసార్లు ఒరే సత్తిబాబూ అని కేకేసే నోరు కదా, సాయం రమ్మని పిలిచిందేమో, ఆర్నెల్లుగా ఇలాగే సర్దిచెప్పుకుంటున్నాడు, కాదు, అబద్ధం, పేరు అడిగేరు, చెప్పేడు, నీళ్లిచ్చేరు, తాగేడు, చల్లగా ఉన్నాయి కూడాను, ఆ చల్లదనం గొంతులో ఇంకా ఉంది, ఆదినారాయణ చదివి వినిపించిన కాగితం కింద తెడ్డు బొమ్మ గీసి నిశాని పెట్టేడు, సత్తిబాబుని తీసుకొచ్చేరు, వాడి వేళ్లని చీరటలో పెట్టేరు, రెండు చెక్కల మధ్య వేళ్లు నొక్కి బిగించే కొయ్య అది, వల కన్నులో పోగు దూర్చే వేళ్లు, చిన్న కన్నూ పెద్ద కన్నూ కళ్లు మూసుకుని అల్లే వేళ్లు, ఏం చెప్తాడు వాడు, వాడికేం తెలుసని, చెయ్యి కుళ్లి ఒళ్లంతా జ్వరం వచ్చి తొమ్మిదో రోజున పోయేడు, జ్వరం వచ్చి పోయేడనే రాసుకున్నారు, అబద్ధం ఏమీ రాయలేదు చూడు, అమీను గారి దస్తరంలో ఒక్కటీ అబద్ధం ఉండదు, ఒప్పుకున్నాడు అని ఉంటుంది, చెప్పేడు అని ఉంటుంది, జ్వరం అని ఉంటుంది, అన్నీ జరిగినవే.

వెనక డేరా గుమ్మం దగ్గర బుజ్జమ్మ నిలబడి ఉంది, చూడకపోయినా తెలుస్తోంది, అర్జీ ఆమెదే, ఊరూరూ తిరిగి రాయించుకుంది, మొగుడు పోయేక అన్నగారి పంచకి చేరింది, ఆర్నెల్లుగా ఆమె వండిందే తను తింటున్నాడు, అన్నం వడ్డిస్తూ అంటుంది, మా ఆయన పేరు ఎవడు చెప్పేడో గాని అన్నయ్యా, వాడి నాలుక పుచ్చి పురుగులు పడాలి, ఊఁ అంటాడు తను, పులుసు బావుందా, ఊఁ, ఇంకొంచెం వెయ్యనా, ఊఁ, ఆ బంట్రోతు వెధవే చెప్పి ఉంటాడు అన్నయ్యా, వాడి కళ్లు చూస్తేనే తెలుస్తుంది, ఊఁ, ఇన్ని ఊఁలు మింగిన మనిషి ఇంకేం మింగుతాడు, పేరు చెప్పింది తనేనని ఠాణా దాటి ఎవరికీ తెలియదు, అమీనుకి తెలుసు, ఆదినారాయణకి తెలుసు, పొద్దున్న రేవు దగ్గరే కాపు కాసేడు ఆదినారాయణ, పైపంచె దులుపుకుంటూ, ఏమోయ్ లోవరాజూ, కులాసాయేనా, ఆయ్, దయవల్లనండీ, చూడు, దొరవారు అడుగుతారు, తాతబ్బాయి తన ఇష్టప్రకారం చేసేడు, అమీను గారు ఆ పూట ఊళ్లోనే లేరు అని చెప్పు, నీ దగ్గర్నుంచి లాక్కున్న రేవు రేపు తెల్లారేసరికి మళ్లీ నీదే, మరి చెప్పకపోతేనండీ, చెప్పకపోతే ఏముందోయ్, నీ పాత వాఙ్మూలం ఉందిగా, నువ్వు పెట్టిన తెడ్డు నిశానితో సహా చదివి వినిపిస్తా, మీ చెల్లెలు కూడా వింటుంది, పాపం ఆడకూతురు, ఏమైపోతుందో ఆలోచించుకో, ఎంత మర్యాదగా అన్నాడో, గోదారి నీళ్లు తాగిన మర్యాద, కత్తి కూడా మెత్తటి గుడ్డలో చుట్టి ఇస్తారు.

చెప్పెయ్యొచ్చు, నాలుక చివరిదాకా వచ్చింది, వీడేనండీ అంటే సరిపోతుంది, అదేం అబద్ధం కాదు, రాళ్లు పెట్టింది వాడే, ఒకటి చాలంటే ఒకటి పెట్టి రెండంటే రెండు పెట్టేడు, ఒక్కసారైనా వెనకాడేడా, జాలిపడాలా వీడి మీద, ఇందాక డేరా బయట పక్కపక్కన నిలబెట్టినప్పుడు ఏం లోవరాజూ, ఇవాళ నా వంతు అన్నాడు, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియని మొహంతో, అవును నీ వంతే, నీ వీపు మీద కూడా ఎక్కాలి రాళ్లు, నా కళ్లారా చూడాలి, చూస్తే ఏమవుతుంది, సత్తిబాబు వేళ్లు వస్తాయా, వీడు సంకెళ్లతో రాజమండ్రి వెళ్తాడు, ఆ కిర్రుచెప్పులు మళ్లీ తొడుక్కుని ఠాణాకి వెళ్తాడు ఆయన, ఇంకో తాతబ్బాయి దొరుకుతాడు, ఆయ్ అనేవాళ్లకి కరువా ఈ సీమలో, ఏమిటి న్యాయం అంటే, పైన ఉన్నవాడికి చాపా కింద ఉన్నవాడికి తాడూనా, అర్జీ పెడితే ఎవరి మీద పెట్టేమో ఆయన చేతికే వచ్చిందట మొదట, సంగతేమిటో కనుక్కుని రాయమని, ఆయనే దొంగని పట్టాలి, ఆయనే కొట్టాలి, కొట్టేడో లేదో ఆయనే చెప్పాలి, పళ్లు నూరుకుంటుంటే చెవుల్లో చప్పుడు వినపడుతోంది లోవరాజుకి, ఊరికే ఆలస్యమగుచున్నది, నాకు ఇంకను పద్నాలుగు అర్జీలు కలవు, ఒక్క పేరు చెప్పుము, ఒక్క పేరు చాలును, అన్నాడు దొర.

ఒక్క పేరు, ఏమన్నాడు, ఒక్క పేరు చాలునా, అదే మాట, అమీను మాట, మెడ మీద తాడు లేదు, వీపు మీద రాయి లేదు, కుర్చీలో పెద్దమనిషి మంచినీళ్లిచ్చేంత నెమ్మదిగా అడుగుతున్నాడు, అయినా అడిగేది అదే, ఒక పేరు చెప్పెయ్యి, రాసుకుంటాం, కాగితం మడుస్తాం, నిజమేమిటని అప్పుడు ఆయన అడగలేదు, ఇప్పుడు ఈయనా అడగటం లేదు, మళ్లీ నా నాలుకే కావాల్సొచ్చిందా మీకు, ఈ రేవువాడి నాలుక మీ అబ్బ సొమ్మా, దొరగారూ ఉండండి అన్నాడు లోవరాజు, ఎంత గట్టిగా అన్నాడంటే ఈగ తోలుకునే చెయ్యి ఆగిపోయింది, ఒక్క పేరు చాలదండీ, నాలుగున్నాయండీ, అయితే ముందు మీకు కాదు చెప్పాల్సింది అని వెనక్కి తిరిగేడు, బుజ్జమ్మ నుదురు ముడేసి చూస్తోంది, బుజ్జమ్మా, సత్తిబాబు పేరు చెప్పింది నేనమ్మా, రాళ్లు పెట్టింది ఈ తాతబ్బాయి, దగ్గర నిలబడి పెట్టించింది, నా చేత చెప్పించింది, సత్తిబాబు వేళ్లు నలిపించింది ఈ అమీను గారు, కాగితం రాసింది అమీను గారి వెనక నిలబడ్డ ఆదినారాయణ గారు, అదిగో ఆయన చేతిలోనే ఉంది చూడు, చదవమను, తెడ్డు నిశాని నాదే, పెట్టె పడవ ఎక్కనే లేదని తేలింది కదా, మరి లేని పెట్టెకి ఈ లోవరాజు మనిషి పేరు ఎలా చెప్పేడో అది కూడా అమీను గారిని అడగమను దొరగారిని.

బుజ్జమ్మ చెయ్యి డేరా గుంజ మీదకి వెళ్లింది, పట్టుకుంది, రేపటి నుంచి అన్నం పెడుతుందో పెట్టదో, పెట్టకపోవడమే న్యాయం, ఆ కళ్లలోకి చూడాలి, చూస్తున్నాడు, ఇంతలో పక్క నుంచి అమీను గొంతు, వీడికి మతి పోయిందండీ దొరవారూ, ఆ కాగితం ఎందుకండీ ఇప్పుడు, అది పాతది, దాంతో పని లేదండీ, ఆదినారాయణా అవతల పెట్టు, అంటూ తడబడుతోంది, తడబడటం, మాణిక్యాలరావు గారి గొంతు తడబడటం, ఏదీ ఆ కాగితము ఇటు తెమ్ము అంటున్నాడు దొర, ఆదినారాయణ ఇవ్వాలా వద్దా అని అమీను మొహం చూస్తున్నాడు, అప్పుడు తట్టింది లోవరాజుకి, బయటపడితే ఎవరికి ముప్పని ఆ కాగితాన్ని ఇన్నాళ్లూ దాచేరో, లేని పెట్టెకి ఒప్పుకోలు ఎలా వచ్చిందంటే జవాబు చెప్పుకోవలసింది అమీనే, దాన్ని చూసి తనొక్కడే వణకాలనుకున్నాడు, తనకంటే ఎక్కువ వణకవలసినవాడు పక్కనే కుదురుగా నిలబడగలిగేడంటే ఎవరి అండ చూసుకుని, తాతబ్బాయి అండ కాదు, గుమాస్తా అండ కాదు, కుంఫిణీ సర్కారు అండ కూడా కాదు, పొద్దున్నా సాయంత్రం చెల్లెలి ముందు తలొంచుకుని ఊఁ ఊఁ అంటూ, అడక్కుండానే, జీతం లేకుండానే, ఆర్నెల్లపాటు అమీనుకి కాపలా కాసింది తన సిగ్గే.